ఆఫ్రికా విద్యార్థులకు వేరే ఆరాధన పెట్టాలా? మన సంఘాల్లో రంగు, జాతి వివక్ష గురించి

తార్నాక యూత్ (చర్చ మొదలుపెట్టినవారు) | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా సంఘం పేరు చెప్పను, దయచేసి ఎవరూ ఊహించి రాయకండి. తార్నాక, హబ్సిగూడ వైపు ఉన్న ఒక తెలుగు సంఘం అనుకోండి చాలు.

ఉస్మానియా, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల) యూనివర్సిటీలు దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి ఆఫ్రికా దేశాల నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్లలు కొంతమంది మా ఆరాధనకు వస్తున్నారు. నైజీరియా, టాంజానియా, సౌత్ సూడాన్ వాళ్లు. వాళ్లు కూర్చున్న వరసలో మనవాళ్లెవరూ కూర్చోరు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చేతులు కలిపే పెద్దలు, వాళ్ల దగ్గరికి వచ్చేసరికి దూరం నుంచే నమస్కారం పెట్టి ఊరుకుంటారు. సండే స్కూల్ పిల్లలు వాళ్ల జుట్టు ముట్టుకుని నవ్వితే తల్లిదండ్రులూ నవ్వుతారు.

ఇప్పుడు కమిటీలో ఒక ప్రతిపాదన వచ్చింది. వాళ్లకోసం మధ్యాహ్నం 2 గంటలకు వేరే ఇంగ్లిష్ ఆరాధన పెడదామని. "వాళ్ల సౌకర్యం కోసమే కదా" అంటున్నారు. ఆ పిల్లల్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఈ ప్రతిపాదన తెచ్చిన పెద్దాయనకు అద్దెకిచ్చే ఫ్లాట్లున్నాయి. వాట్సాప్‌లో ఆయన పెట్టిన ప్రకటనలో "ఫ్యామిలీస్ ఓన్లీ, ఫారినర్స్‌కి ఇవ్వబడదు" అని ఉంది.

నేను యూత్ సెక్రటరీని, కమిటీలో నాకూ ఒక ఓటుంది. అందరి ముందూ లేచి అడగాలా? ఆయన్ని ఇంటికెళ్లి ఒంటరిగా కలవాలా? వాక్యం తెలిసినవాళ్లు చెప్పండి. అనుభవం ఉన్నవాళ్లు ఇంకా బాగా చెప్పండి.

సికింద్రాబాద్ అంకుల్ | ఆదివారం, రాత్రి 10:15

బాబూ, ఆవేశపడకు. ఇంగ్లిష్ ఆరాధన పెడితే అది జాతి వివక్ష ఎలా అవుతుంది? సికింద్రాబాద్ వచ్చి చూడు. మిలిటరీ, రైల్వే ఉద్యోగాల మీద వచ్చిన తమిళులకు ఎప్పటి నుంచో తమిళ సంఘాలున్నాయి. మలయాళీలవి వేరే ఉన్నాయి. సెయింట్ మేరీస్‌లో ఒకే గుడిలో ఇంగ్లిష్, తెలుగు, తమిళం అన్నిటిలోనూ పూజలు జరుగుతాయి. తెలుగు రాని పిల్లల్ని రెండు గంటలసేపు తెలుగు ప్రసంగం ముందు కూర్చోబెట్టడం ప్రేమా?

ఇక అద్దె సంగతి. ఇల్లు ఆయనది, లోను ఆయన కడుతున్నాడు. రోజూ టీవీలో డ్రగ్స్ కేసులు చూస్తున్నాం. రేపు పోలీసులు తలుపు కొడితే ఆయన టెన్షన్ నువ్వు పడతావా? జాగ్రత్త వేరు, ద్వేషం వేరు.

టోలీచౌకి నర్సు | ఆదివారం, రాత్రి 10:32

అంకుల్, డ్రగ్స్ కేసుల్లో మన తెలుగువాళ్లు పట్టుబడ్డ వార్తలు మీ టీవీలో రావా? వచ్చినప్పుడు "తెలుగువాళ్లకు అద్దెకివ్వబడదు" అని ఎవరైనా బోర్డు పెట్టారా?

మా టోలీచౌకి, పారామౌంట్ కాలనీలో సోమాలియా, సూడాన్, యెమెన్, నైజీరియా వాళ్లు చాలామందే ఉంటారు. ఆస్పత్రికి వస్తారు, బిల్లు కడతారు, వెళ్తారు. లైన్లో పక్కన నిలబడ్డ మనవాళ్లు ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకోవడం నేను చూస్తూనే ఉంటాను.

ఇంకోటి. నేను లేబర్ వార్డులో పని చేస్తాను. బిడ్డ ఆడా మగా అని అడిగాక వెంటనే వచ్చే ప్రశ్న "రంగెలా ఉంది సిస్టర్?" బిడ్డకు ఆయాసంగా ఉంది, ఎన్‌ఐసీయూకి తీసుకెళ్తున్నాం అంటే కూడా, వెనకాల నుంచి ఒక నాయనమ్మ "చామనఛాయేనా?" అంటుంది. మెడలో సిలువ వేసుకున్న నాయనమ్మలూ అంతే. కుంకుమపువ్వు పాలు తాగించి, నల్లగా పుట్టిందని కోడల్ని ఆడిపోసుకునే ఇంట్లో పెరిగిన పిల్లలు చర్చిలో ఆఫ్రికా అబ్బాయి జుట్టు చూసి నవ్వక ఏం చేస్తారు? రోగం బెంచీ దగ్గర మొదలవలేదు.

గ్రేస్ పెయింట్స్ | ఆదివారం, రాత్రి 10:50

+1 సిస్టర్. మ్యాట్రిమోనీలో "రక్షింపబడిన, ప్రార్థనాపరురాలైన, తెల్లని అమ్మాయి కావలెను" అని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రిటైర్డ్ అయ్యగారు | సోమవారం, ఉదయం 6:05

వందనాలు. తార్నాక బాబు అడిగిన ప్రశ్న మంచిది. ఒంటరిగానా, అందరి ముందా అన్నది చిన్న విషయం కాదు.

మత్తయి 18:15 చూడండి. నీ సహోదరుడు తప్పిదం చేస్తే ముందు నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమంది. అది ఇద్దరి మధ్య జరిగిన తప్పు. ఇక గలతీ 2:11 నుంచి 14 వరకు చదవండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోజనం చేస్తున్నాడు. యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చేసరికి భయపడి వెనక్కి తగ్గి, వేరైపోయాడు. ఆయన్ని చూసి మిగిలిన యూదులు, ఆఖరికి బర్నబా కూడా అదే దారి పట్టారు. అప్పుడు పౌలు ఏం చేశాడు? "అందరి యెదుట" అడిగాడు. ఎందుకంటే ఆ తప్పు అందరి ఎదుట జరిగింది, దాని వల్ల మిగతావాళ్లూ చెడ్డారు.

ఇక్కడ ఒక సంగతి చాలామంది వదిలేస్తారు. పేతురుకు సిద్ధాంతం తెలియక కాదు. అంతకుముందే యొప్పేలో మేడ మీద దర్శనం చూశాడు, కైసరయకు వెళ్లి అన్యుడైన కొర్నేలీ ఇంట్లో "దేవుడు పక్షపాతి కాడు" అని తన నోటితోనే చెప్పాడు. అది అపొస్తలుల కార్యములు 10లో ఉంది. అంటే ప్రసంగం సరిగ్గా చేసినవాడే భోజనం దగ్గర తడబడ్డాడు. పౌలు కూడా "నీ బోధ తప్పు" అనలేదు, వాళ్లు సువార్త సత్యం ప్రకారం నడవడం లేదన్నాడు. యూదుడని గ్రీసు దేశస్థుడని లేదు, క్రీస్తులో అందరూ ఒక్కటే అనే గలతీ 3:28 మీద మన సంఘాల్లో ప్రసంగాలకు కొదవ లేదు. ఎవరు ఎవరితో కూర్చుని తింటున్నారన్నది చూడాలి.

కాబట్టి నా మాట: అద్దె ప్రకటన గురించి ఆయన ఇంటికెళ్లి మాట్లాడు, అది ఆయన సొంత నడవడి. వేరే ఆరాధన సంగతి కమిటీ నిర్ణయం, అది అందరి ముందే తేలాలి.

విశ్వాస వీరుడు 77 | సోమవారం, ఉదయం 8:20

అయ్యగారూ, క్షమించాలి. అన్నిటినీ ప్రేమ ప్రేమ అని కలిపేస్తున్నారు. ఆఫ్రికావాళ్లు నోవహు కొడుకు హాము సంతానం, ఆ సంతానానికి నోవహు శాపం ఉందని ఆదికాండంలో రాసి ఉంది కదా. వాళ్లు దాసులుగా ఉండాలని వాక్యమే చెప్పింది. మనం వాళ్లని ద్వేషించనక్కర్లేదు కానీ దేవుని క్రమాన్ని కాదనలేం.

సండే స్కూల్ టీచర్ | సోమవారం, ఉదయం 8:41

బ్రదర్, ఆ అధ్యాయం దయచేసి తెరిచి చదవండి. ఆదికాండము 9:25లో శపింపబడింది హాము కాదు, కనాను. హాముకు నలుగురు కొడుకులు: కూషు, మిస్రాయీము, పూతు, కనాను. కూషు అంటే ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నల్లజాతి ప్రాంతం. ఆ కూషు మీద శాపం ఒక్క మాట లేదు. కనాను సంతానం ఎక్కడ స్థిరపడిందో 10వ అధ్యాయం ఊరి పేర్లతో సహా చెబుతుంది. సీదోను నుంచి గాజా దాకా. ఆఫ్రికా కాదు. అసలు ఆ శాపం పలికింది కూడా మత్తు వదిలిన నోవహే. చర్మం రంగు అనే మాట ఆ కథలో ఎక్కడా లేదు. బానిసల వ్యాపారం చేసినవాళ్లకు ఒక వచనం కావలసి వచ్చి దీన్ని వాడుకున్నారు.

నల్లవాళ్ల గురించి బైబిల్ ఏం చెప్పిందో కావాలంటే నేను పిల్లలకు చెప్పే కథలు ఇవి. మోషే కూషు దేశపు స్త్రీని పెళ్లి చేసుకున్నాడని మిర్యాము, అహరోను సణిగారు, సంఖ్యాకాండము 12. దేవుడు మందలించింది మోషేని కాదు. మిర్యాముకు కుష్ఠు వచ్చి హిమంలా తెల్లబడింది, ఏడు రోజులు పాళెం వెలుపల ఉంది. నల్లమ్మాయిని తక్కువ చేసినందుకు తెల్లబడడం! ఈ కథ చెప్పినప్పుడు మా పిల్లలు ఠక్కున పట్టుకుంటారు, పెద్దవాళ్లకే రెండుసార్లు చెప్పాలి. యిర్మీయా ప్రవక్తను బురద గోతిలో పడేస్తే రాజు దగ్గరికెళ్లి అడిగి, పాత గుడ్డలు చంకల కింద పెట్టుకోమని చెప్పి పైకి లాగించింది ఎబెద్మెలెకు అనే కూషీయుడు. ఇక సొంత రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటూ వెళ్లిన ఐతియొపీయుడు కందాకే రాణి ధనాగారానికి అధికారి. మన దేశానికి వచ్చిన తెల్ల మిషనరీల కంటే ఎన్నో శతాబ్దాల ముందు బాప్తిస్మం పొందినవాడు ఆయన.

మోడరేటర్ | సోమవారం, ఉదయం 9:10

రెండు కామెంట్లు తీసేశాం. ఆఫ్రికా వాళ్లని, ఈశాన్య రాష్ట్రాల వాళ్లని పిలిచే తిట్టు పేర్లు ఇక్కడ వద్దు, "సరదాకి" కూడా. చర్చ కొనసాగించండి.

డోర్నకల్ మనవడు | సోమవారం, మధ్యాహ్నం 1:30

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి, కాస్త పొడవుగా రాస్తాను, ఓపిక పట్టండి.

సికింద్రాబాద్ అంకుల్ గారి వాదన చాలా మర్యాదైన వాదన. సరిగ్గా ఇదే మర్యాదతో దక్షిణాఫ్రికాలో ఒక పని జరిగింది. అక్కడి డచ్ రిఫార్మ్డ్ సంఘం 1829లో, ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం) దగ్గర రంగును బట్టి తేడా చూపకూడదని తీర్మానించింది. మంచి తీర్మానం. కానీ తెల్ల సభ్యులు కొందరికి నల్లవాళ్లతో కలిసి బల్లలో పాలుపొందడం ఇబ్బందిగా ఉందని గొడవ నడుస్తూనే ఉంది. 1857లో సినడ్, అంటే ఆ సంఘ మహాసభ, మళ్లీ కూర్చుంది. అందరూ కలిసి ఆరాధించడమే వాక్యానుసారం అని ఒప్పుకుంటూనే, "కొందరి బలహీనత" కారణంగా ఇబ్బంది ఉన్న చోట వేరే భవనంలో ఆరాధన పెట్టుకోవచ్చని ఒక చిన్న సడలింపు ఇచ్చింది. చూశారా, వివక్ష మంచిదని ఎవరూ అనలేదు. బలహీనులకు సౌకర్యం, అంతే. 1881 నాటికి మిశ్రమజాతి వాళ్లకు పూర్తిగా వేరే సంఘమే ఏర్పడింది. తర్వాతి శతాబ్దంలో అదే దేశంలో అపార్థైడ్ (జాతుల్ని వేరుగా ఉంచడం) ప్రభుత్వ విధానమైతే, దానికి వేదాంతం అందించింది ఈ సంఘమే.

దాన్ని ఎదిరించింది కూడా విశ్వాసులే. 1982లో ప్రపంచ రిఫార్మ్డ్ సంఘాల కూటమి ఒట్టావాలో సమావేశమై, అపార్థైడ్‌ని సమర్థించడం దుర్బోధ అని ప్రకటించి ఆ తెల్ల సంఘాలను సస్పెండ్ చేసింది. అదే ఏడు, వేరు చేయబడిన ఆ సంఘమే బెల్హార్ ఒప్పుకోలు అనే విశ్వాస ప్రకటనను రాసుకుంది, 1986లో ఆమోదించింది. రాజకీయ పొరపాటు అని వదిలేయకుండా విశ్వాసానికే సంబంధించిన తప్పు అని తేల్చారు.

ఇక మన సంగతి. నా పేరులో ఉన్న డోర్నకల్ గురించి చెప్పాలి. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య గారు మాట్లాడారు. అప్పటికి ఆయన బిషప్ కాదు, తిరునల్వేలి నుంచి డోర్నకల్ వచ్చి నిజాం ఇలాకాలో సేవ చేస్తున్న పాస్టరు. తెల్ల మిషనరీలు ఇండియా సేవకులతో పనిచేస్తారు గానీ కలిసిమెలిసి ఉండరని వాళ్ల ముఖం మీదే చెప్పాడు. మీరు మీ ఆస్తులు పేదలకిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, "మాకు స్నేహితులనివ్వండి" అని ముగించాడు. సభలో చాలామందికి కోపం వచ్చింది. రెండేళ్లకు, 1912లో ఆయనే డోర్నకల్ బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఈ రోజు తార్నాకలో కూర్చున్న నైజీరియా అబ్బాయి మనల్ని అడుగుతున్నది అజరయ్య గారు తెల్లవాళ్లని అడిగిందే. అప్పుడు మనం అటు పక్క కూర్చున్నాం, ఇప్పుడు ఇటు పక్క.

సికింద్రాబాద్ అంకుల్ | సోమవారం, మధ్యాహ్నం 2:15

బాగా చెప్పారు గానీ మేమేం దక్షిణాఫ్రికా ప్రభుత్వమా? నా ప్రశ్నకు జవాబు రాలేదు. తమిళ ఆరాధన తప్పు కానప్పుడు ఇంగ్లిష్ ఆరాధన ఎందుకు తప్పు?

డాలస్ తెలుగోడు | సోమవారం, సాయంత్రం 6:40

అంకుల్, నేను చెప్తాను. మేం ఇక్కడ డాలస్‌లో తెలుగు ఆరాధన పెట్టుకున్నాం. మేమే అడిగాం, మేమే నడుపుకుంటున్నాం, అమెరికన్ చర్చి హాలు ఇచ్చింది. ఇష్టమైన ఆదివారం వాళ్ల ఇంగ్లిష్ ఆరాధనకు వెళ్తే పక్కకు జరిగి చోటిస్తారు. అదే వాళ్లు మమ్మల్ని అడక్కుండా "మీ కోసం మధ్యాహ్నం పెట్టాం, ఇక పొద్దున రావద్దు" అని ఉంటే మీరే అక్కడి నుంచి ఫోన్ చేసి "ఎంత రేసిస్టులురా" అనేవారు. సికింద్రాబాద్ తమిళులు కూడా తమంతట తాము పెట్టుకున్నారు, మనం బయటికి పంపలేదు. ఎవరు అడిగారు అన్నదే తేడా.

ఇంకో మాట. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లో ఒలేత దగ్గర బార్‌లో శ్రీనివాస్ కూచిభొట్లను ఒక తెల్లవాడు "మా దేశం నుంచి పొండి" అని అరిచి కాల్చి చంపాడు. హైదరాబాద్ కుర్రాడు. అప్పుడు మన ఊరంతా ఏడ్చింది, మేం ఇక్కడ బయటికెళ్లి తెలుగులో మాట్లాడుకోడానికే భయపడ్డాం. అయితే ఆ రోజు అడ్డం వెళ్లి తూటా తిన్నవాడు కూడా తెల్లవాడే, ఇయాన్ గ్రిలట్. తనకు ముక్కూ మొహం తెలియని ఇద్దరు తెలుగువాళ్ల కోసం. హ్యూస్టన్‌లోని భారతీయులు అతనికి ఇల్లు కొనుక్కోమని లక్ష డాలర్లు సేకరించి ఇచ్చారు. సరే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆఫ్రికా కుర్రాణ్ణి కొడుతుంటే అడ్డం వెళ్లే తెలుగు క్రైస్తవుడు ఎవరు? 2016లో బంజారాహిల్స్‌లో పార్కింగ్ గొడవలో ఒక నైజీరియా విద్యార్థిని కొట్టారు, గుర్తుందా? ఆ ఆదివారం మీ చర్చిల్లో ఎక్కడైనా ఆ అబ్బాయి కోసం ప్రార్థన చేశారా?

ఉప్పల్ సిస్టర్ | సోమవారం, రాత్రి 8:05

అందరూ చాలా బాగా రాస్తున్నారు. నాకు మాత్రం చదువుతుంటే ఒళ్లు మండుతోంది, ఎందుకో చెప్తాను.

నేను మాదిగ ఇంట్లో పుట్టిన క్రైస్తవురాలిని. మా తాత తరం నుంచీ విశ్వాసులం. ఈ సిటీలో ఎన్ని సంఘాలున్నాయో, వాటిలో ఏది మాలలది, ఏది మాదిగలది, ఏది రెడ్లు కమ్మలు ఎక్కువున్నది అని అడిగితే ఇక్కడ ఉన్న ప్రతి ఒక్కరూ చెప్పగలరు. బోర్డు మీద రాసి ఉండదు, అయినా తెలుసు. ఒకే బల్ల దగ్గర రొట్టె విరుస్తారు, సంబంధం మాట వచ్చేసరికి "మనవాళ్లేనా?" అని అడుగుతారు. ప్రభుత్వం ఏమో బాప్తిస్మం తీసుకున్నావు కాబట్టి నీకు కులం లేదంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ దళితుడు ఎస్సీ కాడు, మన దగ్గర బీసీ-సీ ఇస్తారు. కులం పోయిందని చెప్పడానికి ప్రభుత్వం, పోలేదని గుర్తు చేయడానికి సంఘం! ఇవన్నీ వదిలేసి ఇప్పుడు ఆఫ్రికా వాళ్ల మీద ప్రేమ పొంగుకొచ్చిందా? వాళ్లు చదువైపోగానే వెళ్లిపోతారు కాబట్టి వాళ్లని ప్రేమించడం తేలిక.

విశ్వాస వీరుడు 77 | సోమవారం, రాత్రి 8:12

ఇది టాపిక్ కాదు సిస్టర్. కులం పేరుతో సంఘాన్ని చీల్చొద్దు.

టోలీచౌకి నర్సు | సోమవారం, రాత్రి 8:15

సంఘాన్ని చీల్చింది కులం గురించి మాట్లాడినవాళ్లా, పాటించినవాళ్లా?

రిటైర్డ్ అయ్యగారు | మంగళవారం, ఉదయం 5:50

ఉప్పల్ అమ్మా, నీ కోపం న్యాయమైనదే. ఇది టాపిక్ కాదన్న సోదరుడితో నేను ఏకీభవించను, ఇదే టాపిక్. యాకోబు 2లో బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, మాసిన బట్టల బీదవాడికి "నా పాదపీఠం దగ్గర కూర్చో" అన్నవాళ్లు చేసింది కూడా ఇలాంటిదే. మనకు ఎవరు ఎక్కడ కూర్చోవాలో మనసులో ముందే గీసుకున్న పటం ఉంది. పల్లెలో పుట్టిన ఆ పటాన్నే కొత్తగా వచ్చినవాడి మీద కూడా పరుస్తాం. చర్మం నల్లగా ఉంటే ఏ చోటివ్వాలో చేతికి ముందే తెలుసు.

అయితే ఒక విషయంలో నీతో విభేదిస్తాను. కులం తేలాకే రంగు సంగతి చూద్దామంటే రెండూ తేలవు. ఆఫ్రికా పిల్లవాడి పక్కన కూర్చోలేనివాడు రేపు నీ ఇంట్లో సంబంధం చేసుకుంటాడనుకోను.

ఉప్పల్ సిస్టర్ | మంగళవారం, ఉదయం 7:30

అది సరే అయ్యగారూ. కానీ తార్నాక కమిటీలో ఆఫ్రికా పిల్లల గురించి మాట్లాడేటప్పుడు, ఆ కమిటీలో ఎన్ని కులాల వాళ్లున్నారో కూడా ఒకసారి లెక్క పెట్టమనండి.

తిరుమలగిరి మిజో | మంగళవారం, ఉదయం 10:20

నా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. నాన్న ఆర్మీ, నేను తిరుమలగిరిలోనే పెరిగాను. మిరపకాయ బజ్జీ తిని పెరిగినా రోజూ ఎవరో ఒకరు "నేపాలా? చైనానా?" అని అడుగుతారు. 2020లో "కరోనా" అని పిలిచారు. అది రోడ్డు మీద. చర్చిలో వేరే రకం.

మిజోరంలో 2011 జనాభా లెక్కల ప్రకారం 87 శాతం క్రైస్తవులు. మా ముత్తాత కాలం నుంచి విశ్వాసులం. ఇక్కడ కొత్త చర్చికి వెళ్తే ఆంటీలు నన్ను ప్రేమగా అడుగుతారు: "ఎప్పుడు రక్షణలోకి వచ్చావు అమ్మా? అంతకుముందు మీది ఏ దేవుడు?" నాకు కోపం రాదు, నవ్వొస్తుంది.

ఒక రిక్వెస్ట్. మంచి ఉద్దేశంతో ఉన్నవాళ్లు చేసే పని ఒకటుంది, మమ్మల్ని మా డ్రెస్ వేసుకుని స్టేజి మీద పాట పాడమంటారు. "అన్ని జాతులు" ఆదివారం అని. పాడతాం, ఫొటోలు దిగుతారు, వచ్చే వారం మళ్లీ మా వరస ఖాళీ. ఆఫ్రికా పిల్లలకు దయచేసి ఇది చెయ్యకండి. స్టేజి వద్దు. ఇంటికి పిలవండి, పప్పు, ఆవకాయ పెట్టండి, మీ ఇంట్లో గొడవలు కూడా వినిపించనివ్వండి. అప్పుడు మేం మనుషులమని అనిపిస్తుంది.

2014లో ఢిల్లీలో అరుణాచల్ కుర్రాడు నీడో తానియాను జుట్టు చూసి ఎగతాళి చేసి, కొట్టారు, చనిపోయాడు. తర్వాత ప్రభుత్వం బెజ్‌బరూవా కమిటీ వేసింది. కమిటీ చట్టం మార్చమంది. ప్రత్యేక చట్టం ఇంకా రాలేదు. అందుకే జుట్టు ముట్టుకుని నవ్విన పిల్లల గురించి చదివి నాకు ఎక్కడో తగిలింది.

గ్రేస్ పెయింట్స్ | మంగళవారం, ఉదయం 10:45

తిరుమలగిరి సిస్టర్, మీ తెలుగు మా యూత్ పాస్టర్ తెలుగు కంటే బాగుంది. నిజంగా.

డోర్నకల్ మనవడు | మంగళవారం, మధ్యాహ్నం 12:10

చిన్న అదనపు సంగతి, హైదరాబాదీల కోసం. ఆఫ్రికావాళ్లు ఈ ఊరికి కొత్త అనుకుంటున్నాం కదా. మాసాబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది. చాలామంది ఏసీ అంటే ఎయిర్ కండిషన్ అనుకుంటారు. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం సైన్యంలోని ఆఫ్రికా గుర్రపు దళం. ఆ సిద్దీల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు, వాళ్ల మార్ఫా వాయిద్యం లేకుండా పాతబస్తీ పెళ్లి ఊరేగింపు ఉండదు. మన సంఘాల్లో చాలావాటి కంటే వాళ్లే ఈ ఊరికి పాత కాపులు.

సండే స్కూల్ టీచర్ | మంగళవారం, మధ్యాహ్నం 3:00

మళ్లీ తార్నాక బ్రదర్ కమిటీ దగ్గరికి వద్దాం. అపొస్తలుల కార్యములు 6 చూడండి. గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపకంలో చిన్నచూపు చూస్తున్నారని సణుగు వచ్చింది. అపొస్తలులు "అలాంటిదేమీ లేదు" అనలేదు, వేరే పంపకం పెట్టనూ లేదు. ఏడుగురిని నియమించారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. పేర్లన్నీ గ్రీకువే. అంటే ఫిర్యాదు చేసిన వర్గం చేతికే గరిటె ఇచ్చారు! కాబట్టి కమిటీలో ఒక ఆఫ్రికా విద్యార్థిని, ఒక ఈశాన్య విద్యార్థిని తీసుకోండి. ఆ తర్వాత ఇంగ్లిష్ ఆరాధన కావాలో వద్దో వాళ్లే చెప్తారు. అంతియొకయ సంఘంలో బోధకుల పట్టికలో కూడా బర్నబా, సౌలుల పక్కన నీగెరు (నల్లవాడు) అనబడిన సుమెయోను, ఉత్తర ఆఫ్రికా కురేనే వాడైన లూకియ ఉన్నారు, 13:1. పౌలు మీద చేతులుంచి సేవకు పంపినవాళ్లలో వాళ్లున్నారు.

భాష ఇబ్బందికి ఒక ఇయర్‌ఫోన్ అనువాదం చాలు. మా సంఘంలో ఒక డిగ్రీ అమ్మాయి వెనక కూర్చుని ఫోన్ కాల్‌లో మెల్లగా ఇంగ్లిష్‌లో చెబుతుంది.

సికింద్రాబాద్ అంకుల్ | మంగళవారం, సాయంత్రం 5:25

ఎవరు అడిగారు అన్నది తేడా అని డాలస్ బాబు చెప్పింది ఒప్పుకోదగిన మాటే. ముందు పిల్లల్ని అడగండి. అద్దె విషయంలో మాత్రం నేను ఇంకా ఓనర్ పక్షమే. ప్రేమ పేరుతో ఎవరి ఇంటి తాళాలూ లాక్కోలేం. ఆ పోలీసు పేపర్ల గోల ఎవరు పడతారు?

మలక్‌పేట ఓనర్ | మంగళవారం, రాత్రి 9:00

అంకుల్, నేను పడుతున్నాను, పెద్ద గోలేమీ లేదు. నా ఇంట్లో పైన పోర్షన్‌లో ఇద్దరు టాంజానియా పిల్లలున్నారు. విదేశీయులకు ఇల్లిస్తే ఫారం ఒకటి ఉంటుంది, 2025 దాకా దాని పేరు ఫారం-సి, వాళ్లు దిగిన 24 గంటల్లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) వెబ్‌సైట్‌లో ఓనర్ నింపాలి. పాస్‌పోర్ట్, వీసా వివరాలు, ఫొటో. మొదట ఓనర్‌గా రిజిస్టర్ చేసుకోవాలి, అదొక్కటే కాస్త ఆలస్యం. అగ్రిమెంట్ కాపీ దగ్గర పెట్టుకోండి, స్టేషన్‌లో టెనెంట్ వెరిఫికేషన్ ఇవ్వండి. మన పిల్లలకిచ్చినా వెరిఫికేషన్ ఇవ్వాల్సిందే కదా. అద్దె నెల మొదట్లోనే వేస్తారు. శనివారం రాత్రి పాటల సౌండ్ ఎక్కువ, చెప్తే తగ్గిస్తారు. కింద ఉన్న మా తెలుగు టెనెంట్‌కి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా బైక్ గేటుకు అడ్డం పెడతాడు.

తార్నాక యూత్ | తర్వాతి సోమవారం, రాత్రి 10:05

అందరికీ థ్యాంక్స్. జరిగింది చెప్తాను.

అయ్యగారు చెప్పినట్టు పెద్దాయన ఇంటికి ముందే వెళ్లాను. టీ ఇచ్చారు. ఆ ఫారం గురించి చెప్తే "అంతేనా?" అన్నారు. కానీ ప్రకటన మార్చలేదు. "మా ఆవిడ ఒప్పుకోదు" అన్నారు. ఆంటీ పక్కనే ఉన్నారు, ఆవిడ ఏమీ అనలేదు.

కమిటీలో మాత్రం అందరి ముందూ లేచాను. ఆ పిల్లల్ని ఎవరైనా అడిగారా అన్నదొక్కటే అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. పాస్టరు గారు వెంటనే ఒక టాంజానియా అబ్బాయికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. ఆ అబ్బాయి చెప్పింది, "మాకు తెలుగు పాటలు ఇష్టం, వేరే ఆరాధన వద్దు, ప్రసంగం అర్థమైతే చాలు." మధ్యాహ్నం ఆరాధన ప్రతిపాదన వాయిదా పడింది, రద్దు కాలేదు. ఇయర్‌ఫోన్ అనువాదం వచ్చే వారం నుంచి. కమిటీలో విద్యార్థుల్ని తీసుకునే విషయం జనరల్ బాడీకి పోయింది, అక్కడ గొడవ తప్పదు. ఉప్పల్ సిస్టర్, మీరు అడిగిన లెక్క కూడా పెట్టాను. ఇక్కడ రాయను, మీరు ఊహించినట్టే ఉంది.

ఉప్పల్ సిస్టర్ | సోమవారం, రాత్రి 10:20

జనరల్ బాడీలో ఆ లెక్క కూడా చదవండి బ్రదర్. అందరి ఎదుట.

విశ్వాస వీరుడు 77 | సోమవారం, రాత్రి 10:31

నేను నా మాట మీదే ఉన్నాను. అనువాదం ఆలోచన బాగుంది, దానికి మైక్ ఏది వాడుతున్నారో చెప్పండి, మా సంఘంలో హిందీవాళ్లున్నారు.

సండే స్కూల్ టీచర్ | సోమవారం, రాత్రి 10:40

మైక్ ఏమీ లేదు బ్రదర్. మామూలు గ్రూప్ కాల్, వినేవాళ్లంతా మ్యూట్‌లో ఉంటారు. అనువాదం చేసేవాళ్లని వెనక కాకుండా స్పీకర్‌కి దూరంగా పక్క గదిలో కూర్చోబెట్టండి, ఎకో రాదు. పాటల మాటలు ముందే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి గ్రూప్‌లో పెడితే వాళ్లూ పాడతారు.

మలక్‌పేట ఓనర్ | సోమవారం, రాత్రి 11:02

తార్నాక బ్రదర్, ఇల్లు వెతుక్కుంటున్న పిల్లలుంటే నాకు మెసేజ్ పెట్టండి. మా వీధిలో ఇంకో పోర్షన్ ఈ నెలాఖరుకు ఖాళీ అవుతోంది. ఓనర్ ముస్లిం పెద్దాయన, ఆయనకు అభ్యంతరం లేదన్నాడు. నీళ్ల ట్యాంకర్ ఖర్చు విడిగా, ముందే చెప్పండి.